తెర వెనుక సూది – బార్బరా కరిన్‌స్కా (1886–1983)

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖ వ్యక్తి జీవితాన్ని గురించి రాసిమ్మని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, వారి మనసులో ఏ దేశనాయకుడో, ఏ మహాకవో ఉండి ఉంటారు. బట్టలు కుట్టిన ఒక ఆవిడ గురించి రాస్తానంటే కొంచెం నవ్వారు. అందులోనూ ఆమె మన దేశస్థురాలు కాదు. మన సభ్యుల్లో చాలామంది ఆమె పేరు విని ఉండరు. కాని నాటకాల వాళ్ళ లోకంలో, ముఖ్యంగా పాశ్చాత్య నృత్యమైన బాలే లోకంలో, ఆ పేరు తెలియనివారు లేరు. ఆమెనే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే ముందు నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు వార్షికోత్సవానికి రాయబారం సీను వేశాం. నాది కృష్ణ వేషం. దుస్తులు అద్దెకు తెప్పించాం. మఖమలు కోటు, దాని మీద జరీ, చమ్కీలు, చూడటానికి కన్నుల పండుగ. మొదటి పద్యానికి రాగం తీస్తూ కుడిచెయ్యి పైకెత్తానో లేదో చంకలో కుట్లు టపటపమని విడిపోయాయి. ఇక ఆ సీనంతా చెయ్యి పక్కకు ఆనించుకునే నడిపించాను. అది కృష్ణుడి ఠీవి అనుకున్నారట ముందు వరుసలోని పెద్దలు! తెర దిగాక, దుస్తులతోపాటు వచ్చిన ముసలి దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ నాకొక సంగతి చెప్పాడు. నిలబడిన మనిషికి కుట్టడం వేరట, చెయ్యెత్తే మనిషికి కుట్టడం వేరట. ఆ కోటు ఎవరో నిలబడిన మనిషికి కుట్టారన్నాడు.

ఎన్నో ఏళ్ళ తరువాత, ఉద్యోగ విరమణ చేసి లైబ్రరీకి పోవడం అలవాటైన రోజుల్లో, కరిన్‌స్కా గురించి చదివాను. ఆ ముసలి దర్జీ గుర్తుకొచ్చాడు. చెయ్యెత్తే మనిషికి, కాలెత్తే మనిషికి, గాలిలోకి ఎగిరే మనిషికి బట్ట ఎలా కుట్టాలా అన్న ఆలోచనలోనే ఆవిడ తన సుదీర్ఘ జీవితంలో సగం గడిపారు.

కరిన్‌స్కా అసలు పేరు వర్వరా. 1886 అక్టోబరు 3న ఖార్కోవ్ నగరంలో పుట్టారు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఖార్కివ్ అంటున్నారు. తండ్రి కలిగిన బట్టల వ్యాపారి. ఇల్లంతా పిల్లలు. ఇంట్లో ఆడపిల్లలకు చదువు చెప్పే జర్మన్, స్విస్ పంతులమ్మలు చేతి ఎంబ్రాయిడరీ కూడా నేర్పారు. కలవారి ఆడపిల్లకు అదొక అలంకారం. మన ఇళ్ళలో పెళ్ళికి ముందు ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పించినట్లే. అదే ఒకనాటికి అన్నం పెడుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకొని ఉండరు. ఆమె యూనివర్సిటీలో న్యాయశాస్త్రం కూడా చదివారు.

పెళ్ళయిన కొద్దికాలానికే, 1909లో, భర్త టైఫస్ జ్వరంతో పోయారు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత పుట్టిన ఆడపిల్లకు ఇరీనా అని పేరు పెట్టుకున్నారు. అన్నగారి సంసారం చెదిరిపోతే ఆయన కొడుకు వ్లదిమీర్‌ను కూడా తెచ్చుకొని, తన బిడ్డతో సమానంగా పెంచారు. తరువాత నికొలాయ్ కరిన్‌స్కీ అనే పేరున్న లాయరును పెళ్ళాడి మాస్కో చేరారు. కరిన్‌స్కా అన్న పేరు అలా వచ్చింది. మాస్కోలో ఆమె ఒక వింత పని మొదలుపెట్టారు. ఫోటోల మీద, బొమ్మల మీద రంగురంగుల పల్చని పట్టుగుడ్డ ముక్కలు ఒకదానిమీద ఒకటి పొరలుగా అంటించి చిత్రాలు తయారుచేసేవారు. వాటిలో మొదటివి బాలే దృశ్యాలే. పల్చని గుడ్డను పొరలుగా వేస్తే కింది రంగు పై రంగులోంచి ఎలా తొంగిచూస్తుందో ఆమె చేతికి అక్కడే తెలిసింది. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

1917 విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వానికి గిట్టని పక్షంలో ఉన్న భర్త దేశం విడిచిపోయారు. ఆ దంపతుల దారులు అక్కడితో వేరైపోయాయి. ఆవిడ మాత్రం ఇద్దరు పిల్లలతో మాస్కోలో నిలదొక్కుకున్నారు. టీ దుకాణం పెట్టారు. కవులు, కళాకారులు అక్కడ చేరేవారు. కొత్త అధికారుల భార్యలకు గౌనులు, టోపీలు కుట్టే దుకాణం నడిపారు. ఎంబ్రాయిడరీ నేర్పే బడి తెరిచారు. 1924లో లెనిన్ మరణించాక ప్రభుత్వం ఆ బడిని తన చేతిలోకి తీసుకొని జెండాలు కుట్టే ఫ్యాక్టరీగా మార్చింది. ఇక ఇక్కడ లాభం లేదని ఆమెకు అర్థమైంది. తన విద్యార్థినుల పనితనాన్ని యూరప్‌లో ప్రదర్శిస్తే దేశానికి మంచి పేరు వస్తుందని విద్యా, సాంస్కృతిక శాఖలు చూసే లునచార్‌స్కీని ఒప్పించి, పిల్లలతో సహా ప్రయాణానికి అనుమతి సంపాదించారు.

ఆ ప్రయాణం గురించి కుటుంబంలో చెప్పుకొనే కథ సినిమా కథలా ఉంటుంది. విద్యార్థినులు కుట్టిన గుడ్డల కింద రాణుల కాలంనాటి పాత ఎంబ్రాయిడరీలు దాచారట. కూతురి పెద్ద టోపీలో వజ్రాలు కుట్టేశారట. వ్లదిమీర్ బడి పుస్తకాల మధ్య డాలరు నోట్లు పెట్టారట. పట్టుబడితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ప్రదర్శన పేరుతో బయలుదేరిన ఆవిడ మళ్ళీ వెనక్కు పోలేదు. బెర్లిన్, బ్రసెల్స్ మీదుగా పారిస్ చేరారు. అప్పటికి నలభైకి దగ్గరపడిన వయసు. తెచ్చుకున్న నగలు ఎంతకాలం వస్తాయి? అవి కరిగిపోయాక మిగిలింది చేతిలోని కుట్టు ఒక్కటే. శాలువాలు అల్లారు, తలపాగాలు, టోపీలు చేశారు. సినిమాలకు, నాటకాలకు దుస్తులు కుట్టిచ్చారు.

1932లో మొదటిసారి బాలే పని వచ్చింది. మాంటే కార్లో బాలే కంపెనీవారి 'కొటియోఁ' అనే నృత్యానికి క్రిస్టియాన్ బెరార్ అనే చిత్రకారుడు బొమ్మలు గీశారు. వాటిని దుస్తులుగా మార్చే బాధ్యత ఆమెది. ఆ నృత్యాన్ని కూర్చినవారు జార్జ్ బాలంచీన్, ఆమెలాగే రష్యా నుంచి వచ్చినవారు, వయసులో పద్దెనిమిదేళ్ళు చిన్న. ఆ ఇద్దరి జోడీ మధ్యమధ్య విరామాలతో నలభై అయిదేళ్ళు సాగింది.

ఇక్కడ ఆమె పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మనలో చాలామందికి డిజైనరుకూ దర్జీకీ తేడా ఏమిటో తెలియదు. చిత్రకారుడు కాగితం మీద బొమ్మ గీస్తాడు. భుజం మీద నుంచి పొగలాంటి గుడ్డ ఒకటి జారుతున్నట్లు రంగు పూస్తాడు. ఆ పొగ ఏ గుడ్డో, దాన్ని భుజానికి ఎక్కడ టాకా వేయాలో, గిర్రున తిరిగినప్పుడు మొహానికి చుట్టుకోకుండా ఎలా ఆపాలో అతనికి తెలియదు. అది తెలిసినవారు కరిన్‌స్కా. బెరార్, డెరెయిన్, మీరో, కాక్టో, డాలీ వంటి హేమాహేమీల బొమ్మలు ఆమె కత్తెర కిందికి వచ్చాయి. కార్యక్రమ పత్రంలో చిత్రకారుని పేరు పెద్ద అక్షరాల్లో, కుట్టినవారి పేరు కింద చిన్న అక్షరాల్లో. చాలా ఏళ్ళు అంతే.

పారిస్ నుంచి 1930ల మధ్యలో లండన్, అక్కడి నుంచి 1939లో న్యూయార్క్. కూతురు ఇరీనా మాత్రం పారిస్‌లోనే ఉండి అక్కడి దుకాణం నడుపుకున్నారు. తల్లి కొత్త దేశంలో, కొత్త భాషలో, యాభై మూడో ఏట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. వర్వరా అన్న పేరు అక్కడివారి నోటికి తగినట్లు బార్బరా అయింది.

న్యూయార్క్ చేరిన కొద్ది నెలలకే ఆమె సత్తా తెలిసే సందర్భం వచ్చింది. సాల్వడార్ డాలీ రూపకల్పన చేసిన 'బకనాల్' అనే బాలే 1939 నవంబరు 9న మెట్రోపాలిటన్ ఒపెరా హౌసులో మొదలుకావాలి. దుస్తులు పారిస్‌లో ప్రసిద్ధురాలైన కోకో షనెల్ చేయిస్తున్నారు. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. దుస్తులు సమయానికి అందలేదు. డాలీ ఊహలన్నీ విచిత్రాలు, మామూలు గౌను గీసే మనిషి కాడు. అటువంటి దుస్తులను కరిన్‌స్కా ఇక్కడ మళ్ళీ కొత్తగా, అతి తక్కువ వ్యవధిలో కుట్టించి ఇచ్చారు. అనుకున్న తేదీకే తెర లేచింది.

అలాగని ఆవిడ ఎప్పుడూ వేళకు ఇచ్చేవారనుకుంటే పొరపాటు. దీపావళికి ఇస్తానన్న జాకెట్టు సంక్రాంతికి ఇచ్చే మన దర్జీల గుణం ఆమెకూ ఉంది. తెర లేవబోతుండగా టాక్సీలో దుస్తులు దిగిన సందర్భాలు ఎన్నో. లెక్కల్లోనూ అంతే. పది రూపాయల గుడ్డ సరిపోయే చోట వంద రూపాయల పట్టు వేసేవారు. నిర్మాతలు తలపట్టుకొనేవారు. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి దాచడం మనకు అలవాటు. నాకది ఇష్టం లేదు.

హాలీవుడ్‌కు కూడా పనిచేశారు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించిన 'జోన్ ఆఫ్ ఆర్క్' (1948) సినిమాకు డొరొతీ జీకిన్స్‌తో కలిసి ఆస్కార్ అందుకున్నారు. దుస్తులకు ఆస్కార్ ఇవ్వడం మొదలైందే ఆ ఏడాది చిత్రాలతో. రంగుల చిత్రాల విభాగంలో మొట్టమొదటి బహుమతి వీరిద్దరిది. 1949 మార్చిలో ఆ ఉత్సవం జరిగేనాటికి ఆమెకు అరవై రెండేళ్ళు! జోన్ మీద ఆమెకు భక్తి ఎక్కువ. తరువాత మసాచుసెట్స్ రాష్ట్రంలో కొనుక్కున్న ఇంటికి కూడా ఆ పుణ్యవతి పేరే పెట్టుకున్నారు.

మనమైతే ఆ వయసుకు పెన్షను కాగితాలు సర్దుకొని, మనవళ్ళను బడికి దింపి, సాయంత్రం పార్కు బెంచీ చేరతాం. తప్పేం లేదు, నేనూ ఆ బెంచీ మీదివాడినే. కరిన్‌స్కా కథలో మాత్రం అసలు భాగం అక్కడ మొదలవుతుంది. బాలంచీన్ 1948లో న్యూయార్క్ సిటీ బాలే అనే సంస్థను నిలబెట్టారు. 1949 డిసెంబరులో వచ్చిన 'బూరే ఫాంటాస్క్'కు దుస్తుల రూపకల్పన కూడా ఆమెకే అప్పగించారు. అంతవరకు ఇతరుల బొమ్మలు కుట్టిన మనిషి, అరవై మూడో ఏట తన ఊహను తానే కుట్టుకున్నారు.

బాలేలో ఆడవారు వేసుకొనే పొట్టి గౌనును టుటు అంటారు. నడుము చుట్టూ పళ్ళెంలా నిలబడి ఉంటుంది, సినిమాల్లోనో టీవీలోనో చూసే ఉంటారు. అది వంగకుండా నిలబడాలని లోపల తీగె చట్రం పెట్టేవారు, దాని మీద నెట్టు గుడ్డ ఎన్నో పొరలు. బొమ్మలా నిలబడితే బాగానే ఉంటుంది. కాని పదిమంది ఒకే వేదిక మీద దగ్గరగా తిరిగితే చట్రాలు ఒకదానికొకటి తగిలి, ఒక పక్క లేచి రెండో పక్క వాలేవి. 1950లో 'సింఫనీ ఇన్ సి' అనే నృత్యానికి కరిన్‌స్కా ఆ తీగె తీసిపారేశారు. పొరలను ఆరేడుకు తగ్గించారు. ఒక్కొక్క పొరను పైదానికన్నా అరంగుళం తేడాతో కత్తిరించి, పొరల మధ్య వదులుగా టాకాలు వేశారు. అప్పుడు ఆ గౌను పళ్ళెంలా కాక, మొహానికి పౌడరు అద్దుకొనే కుచ్చులా మెత్తగా, పొంగినట్లు నిలబడింది. తగిలితే నలిగి మళ్ళీ లేచేది. బరువూ తగ్గింది. పౌడరు పఫ్ టుటు అన్న పేరే దానికి స్థిరపడింది. తరువాత కాలంలో ఎన్నో దేశాల బాలే కంపెనీలు ఆ పద్ధతినే అనుసరించాయి.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడ వస్తుంది. ఆ పొరలన్నీ ఒకే రంగువి వేసేవారు కాదు. నీలం కింద ఒక పొర ఊదా, దాని కింద ఒక పొర గులాబీ. నిలబడి ఉంటే కంటికి ఒకటే రంగు. తిరిగితే లోపలి రంగులు మెరిసి మాయమవుతాయి. మాస్కోలో పట్టుముక్కలు అంటించిన చేతికి అది కొత్త విద్య కాదు.

ఇక పై భాగం, అంటే మన జాకెట్టు వంటిది. మన ఇళ్ళలో ఆడవారికి క్రాస్ కటింగ్ జాకెట్టు అంటే చెప్పనక్కరలేదు. గుడ్డను నిలువు పోగు వెంట కాకుండా ఐమూలగా కత్తిరిస్తే అది కొంచెం సాగుతుంది, ఒంటికి అతుకుతుంది, ఊపిరి తీస్తే పట్టెయ్యదు. కరిన్‌స్కా పై భాగాన్ని పది పైచిలుకు ముక్కలుగా చేసి, వాటిని ఐమూలగా కత్తిరించి కలిపేవారు. నర్తకి ఆయాసంతో రొప్పుతున్నా, చేతులు తలపైకి ఎత్తినా, పక్కటెముకలు విచ్చుకున్నా గుడ్డ ఆమెతోపాటు సాగి మళ్ళీ వెనక్కు వచ్చేది. నా కృష్ణుడి కోటు ఐమూలగా కత్తిరించి ఉంటే ఆనాడు నా రెండు చేతులూ పద్యం పాడేవి!

బాలేలో ఇంకొక చిక్కు ఉంది. మన కూచిపూడిలో లేదు గనుక చెబుతున్నాను. పురుషుడు స్త్రీని నడుము పట్టుకొని పైకెత్తుతాడు. అతని చేతులు పడే చోట పూసలు, చమ్కీలు కుడితే అరచేతులు చీరుకుపోతాయి, లేదా ఆమె జారిపోతుంది. వీపు మీది హుక్కు ఊడితే పరువే కాదు, ఒక్కోసారి ప్రాణం కూడా పోవచ్చు. అంచేత అలంకారం అంతా పట్టు తగలని చోట, బలమంతా కంటికి కనబడని చోట పెట్టాలి. నగల దుకాణాన్ని తలపించే 'జ్యూయెల్స్' (1967) అనే బాలేకు పచ్చలు, కెంపులు, వజ్రాల పేరుతో మూడు అంకాలు. మూడింటికీ ఆమె దుస్తులే. అన్నీ గాజు రాళ్ళే అనుకోండి, అసలు రాళ్ళ బరువు మోస్తూ ఎవరు ఎగరగలరు?

ప్రేక్షకులకు కనబడని పనితనం మీద ఆమె మోజు చాలామందిని విసిగించింది. ఇరవయ్యో వరుసలో కూర్చున్నవాడికి కనబడని చిన్న గులాబీలను చేత్తో కుట్టించేవారు. లోపలి పొరకూ మంచి పట్టే కావాలనేవారు. కనబడనిదానికి ఇంత ఖర్చెందుకని అడిగితే, వేసుకొనే పిల్లకు తెలుస్తుంది కదా అన్నది ఆమె లెక్క. తన బట్ట ఒంటి మీద పడగానే ఆ పిల్ల నిలబడే తీరు మారుతుందని ఆమె నమ్మకం. బాలంచీన్‌కు ఆ లెక్క తెలుసు. తన నృత్యాల విజయంలో సగం ఆమె దుస్తులదేనని ఆయన అంటుండేవారు. ఆయన కూర్చిన నృత్యాల్లో డెబ్బై అయిదు వరకు ఆమె చేతి మీదుగా వెళ్ళాయి.

1954లో వచ్చిన 'నట్‌క్రాకర్' వాటిలో అందరికీ ఇష్టమైనది. క్రిస్మస్ కథ. అందులో మదర్ జింజర్ అనే పాత్ర పెద్ద గౌను కింద నుంచి ఎనిమిదిమంది పిల్లలు బయటికి వచ్చి ఆడతారు. ఆ గౌను తొమ్మిదడుగుల వెడల్పు, సుమారు నలభై కిలోల బరువు. అంతకంటే తేలిగ్గా కుదరదు, ఎనిమిదిమంది పిల్లలు దాగాలి మరి.

1962లో కేపీజియో నృత్య పురస్కారం ఆమెకిచ్చారు. దుస్తుల పనివారికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1963లో ఫోర్డ్ ఫౌండేషన్‌వారు న్యూయార్క్ సిటీ బాలేకు పెద్ద మొత్తం విరాళంగా ఇచ్చారు. ఆ బలంతో ఆమె తన సొంత వ్యాపారం కట్టిపెట్టి పూర్తిగా ఆ సంస్థకే పనిచేయసాగారు. అప్పటికి డెబ్బై ఏడేళ్ళు. పూర్తి కాలపు ఉద్యోగంలో చేరే వయసా అది! జుట్టుకు లేత ఊదా రంగు వేసుకొని, ముదురు నీలం దుస్తుల్లో, బల్లల మధ్య తిరుగుతూ పనివారిని అదిలిస్తూ ఉండేవారట. అందరికీ ఆవిడ మదామ్ కరిన్‌స్కా.

1977 జూన్ 23న 'వియన్నా వాల్ట్‌జెస్' ప్రదర్శించారు. చివరి అంకంలో వేదికంతా తెల్లటి పట్టు గౌనులు, వెనుక అద్దాలు, వాటిలో మళ్ళీ అవే గౌనులు. పొడవైన గౌను నేల మీద జీరాడుతూ తిరిగినప్పుడు కాలికి చుట్టుకోకూడదు, అలలా లేవాలి. గుడ్డ బరువు, కుచ్చిళ్ళ లెక్క, అంచు మడత, అన్నీ కుదిరితేనే అది సాధ్యం. ఆ పని ముగించేనాటికి ఆమెకు తొంభయ్యో ఏడు నిండి తొంభై ఒకటి నడుస్తున్నది. అదే చివరి పని. ఆ తరువాత కొద్దికాలానికే పక్షవాతం వచ్చి, మాట పడిపోయింది. జీవితమంతా చేతులతో మాట్లాడిన మనిషికి చివరి ఆరేళ్ళు అటువంటివి రావడం చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది.

1983 ఏప్రిల్ 30న బాలంచీన్ కన్నుమూశారు. అదే సంవత్సరం అక్టోబరు 18న న్యూయార్క్‌లో కరిన్‌స్కా వెళ్ళిపోయారు. తొంభై ఏడేళ్ళు నిండి పదిహేను రోజులు. అదే ఏడాది ఏప్రిల్‌లో 'గాంధీ' సినిమా దుస్తులకు కొల్హాపూర్ ఆడపడుచు భాను అథైయా, జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ అందుకున్నారు. భారతీయులకు వచ్చిన మొదటి ఆస్కార్ అదే. కరిన్‌స్కా 1949లో తొలిసారి అందుకున్న బహుమతి కోవలోదే. మంచం మీద ఉన్న ఆవిడకు ఆ కబురు ఎవరైనా చెప్పారో లేదో గాని, ఈ రెండు సంగతులూ ఒకే ఏడాదిలో కలవడం నాకు ముచ్చటగా తోచింది.

గుడ్డ శాశ్వతం కాదు. చెమటకు నానుతుంది, ఉతికితే వెలుస్తుంది. 'సింఫనీ ఇన్ సి'కి ఆమె చేసిన దుస్తుల స్థానంలో 2012లో మార్క్ హాపెల్ రూపొందించిన కొత్త దుస్తులు వచ్చాయి. 'నట్‌క్రాకర్' మాత్రం ఆమె రూపకల్పన ప్రకారమే సాగుతోంది. పాడైనవాటిని కొత్తగా కుడుతుంటారు. చలికాలం వచ్చిందంటే న్యూయార్క్‌లో పిల్లలు టిక్కెట్లు కొనుక్కొని వరుసకట్టి కూర్చుంటారు. తొమ్మిదడుగుల గౌనును మోసి తెచ్చి మనిషికి తగిలిస్తారు. దాని కింద ఎనిమిదిమంది పిల్లలు నోరు మూసుకొని, తమ వంతు కోసం చీకట్లో కాచుకొని ఉంటారు.